కొండమంత్రం, పల్లపుమంత్రం రెండూ ఒకేలా వస్తున్నాయి. ఎక్కడ తప్పుతున్నాను?

మహేంద్రతనయ_ఒడ్డు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. పగలంతా మా నాన్నగారి మందుల షాపులో కూర్చుంటాను. రాత్రి షట్టరు దించాక నవల రాసుకుంటాను. మంత్రాలూ దేవతలూ, నేను కల్పించుకున్న రాజ్యాలూ ఉన్న నవల. రెండేళ్లలో పదకొండు అధ్యాయాలయ్యాయి. పోయిన నెల నుంచి ఒక్క పేజీ కదల్లేదు.

కథలో రెండు జనాలున్నారు. ఏటి ఒడ్డున వరి పండించే నీలవరం వాళ్లు ఒకరు. గట్టు మీద పోడు కొట్టుకుని బతికే తుడుమువాళ్లు ఇంకొకరు. నీలవరానికి నిప్పు మంత్రం ఇచ్చాను, తుడుమువాళ్లకి చెట్టు మంత్రం ఇచ్చాను. వాళ్లు తాటాకు పుస్తకం చూసి చదువుతారు, వీళ్లు ఆకులు నూరతారు. బట్టలు, పండగలు, తిండి, పెళ్లి తంతు అన్నీ వేరువేరుగా ఒక నోటుపుస్తకం నిండా రాసుకున్నాను. మా పిన్ని కూతురు మూడు అధ్యాయాలు చదివి, "అప్పా, ఇద్దరూ చెయ్యెత్తుతున్నారు. ఇద్దరికీ వెలుగొస్తోంది. ఒకరిది ఎర్రగా, ఒకరిది పచ్చగా. అంతేనా?" అంది. అది అన్నది నిజం. అందుకే అంత బాధేసింది.

అసలు తేడా రోజూ నా కౌంటరు ముందే నిలబడుతుంది. సంత రోజున గుమ్మా కొండల వైపు నుంచి సవర గిరిజనులు దిగుతారు. జ్వరం మాత్రలు కొనుక్కుంటారు. ఇంటికెళ్లాక పోయినవాళ్లలో ఎవరు పట్టుకున్నారో కూడా అడిగించుకుంటారు. మాత్రకీ ఆ అడగడానికీ మధ్య వాళ్లకి పేచీ లేదు. ఇటు మా వీధిలో ఒక పెద్దాయన రాగిరేకు మీద బీజాక్షరాలు గీసి, చుట్టి, తాయెత్తులో పెట్టి ఇస్తారు. గీత కాస్త వంకర పోతే ఆ రేకు పక్కన పడేసి కొత్తది తీస్తారు. చిన్నప్పుడు నాకు దడుపు జ్వరం వస్తే మా అమ్మ ఆయన దగ్గరికే తీసుకెళ్లింది. ఆ తాడు మెడకి ఒరుసుకుని మంట పుట్టడం ఇప్పటికీ గుర్తు. ఇంత చూసి కూడా, కలం పట్టేసరికి నాకు ఎరుపూ పచ్చా తప్ప ఏమీ తోచట్లేదు.

రెండు మంత్ర సంప్రదాయాలు నిజంగా వేరుగా ఉండాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? శక్తి దగ్గరా, దేవతల దగ్గరా, మనుషుల దగ్గరా? ఇంకో భయం కూడా ఉంది. తుడుమువాళ్లని చదివి ఎవరైనా "ఇది మా గురించే, తప్పు రాశావు" అంటే? రేపు ఆ మనిషే మాత్రలకి మా షాపుకొస్తే నేను తలెత్తి చూడగలగాలి.

గుణుపురం_మాష్టారు:

అమ్మాయీ, ముప్పై నాలుగేళ్లు బళ్లో తెలుగు చెప్పాను, ఇప్పుడు విశ్రాంతి. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మంత్రం పారితే ఏమవుతుందో నువ్వు చాలా రాసుకున్నట్టున్నావు. పారకపోతే ఏమంటారో రాశావా? అక్కడ మొదలుపెట్టు.

మా తాతగారి సంగతి చెప్తాను. ఆయన పంచాక్షరి పురశ్చరణ చేశారు, అంటే మంత్రం సిద్ధించడానికి లెక్క ప్రకారం చేసే జపం. దానికి లెక్క ఉంది, అక్షరానికి లక్ష. ఐదక్షరాలకి 5 లక్షల జపం. అందులో పదోవంతు హోమం, 50 వేలు. దానిలో పదోవంతు తర్పణం, 5 వేలు. మార్జనం 500. చివర 50 మందికి భోజనం. ఇది నెలలు పట్టే పని. ఒకరోజు వీధిలోంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే, అలవాటున "ఆఁ" అన్నారట. ఆ రోజు లెక్కంతా వదిలేసి మర్నాడు మళ్లీ చేశారు. పిలిచినవాణ్ణి ఒక్క మాట అనలేదు, తననే తిట్టుకున్నారని మా నాన్న చెప్పేవారు.

ఫలితం రాకపోతే మంత్రంలో తప్పుందని ఈ పద్ధతిలో ఎవరూ అనరు. పలకడంలో తప్పు, లెక్కలో తప్పు, శుచిలో తప్పు, గురువు చెవిలో చెప్పినప్పుడు సరిగ్గా వినకపోవడంలో తప్పు. ఎటు తిప్పినా చేసినవాడి మీదికే వస్తుంది. ఇప్పుడు ఆలోచించు, తరతరాలుగా ఇలా బతికిన ఊరు ఎలా ఉంటుంది? నీలవరంలో పిల్లలు అమ్మా అనే నాటికి పది దాకా లెక్కపెడతారు. తలుపు వేసి ఉన్న ఇంటి ముందు ఎవరూ గొంతెత్తరు. పత్రంలో ఒక అక్షరం తప్పు పడితే పొలం అమ్మకం చెల్లదు. అక్కడ పెద్ద తిట్టు "నీ లెక్క తప్పా!" అని. గురువులు నేర్పడానికి మించి దిద్దడానికి పేరుపడతారు. దిద్దించుకున్నవాడు జీవితాంతం ఆ సిగ్గు మోస్తాడు.

తిండి సంగతి మరిచిపోకు. చివరి 50 మంది భోజనానికి బియ్యం ఎక్కడివి? భూమి ఉన్నవాడే మంత్రం పూర్తి చేయగలడు. లేనివాడికి రాజు ఈనాం ఇవ్వాలి. అంటే రాజుకీ మంత్రానికీ ముడి పడింది. కరువొచ్చిన ఏడు నీలవరంలో ఒక్క మంత్రమూ పూర్తి కాదు, సరిగ్గా అవసరమైనప్పుడే కాదు. అప్పుడు నీ కథ దానంతటదే నడుస్తుంది.

గట్టు సంగతి నేను చెప్పకూడదు. మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి గారు సవరలని ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకుని వాళ్ల మాట నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. నిఘంటువు నాటికి ఆయనకి దాదాపు 75 ఏళ్లు. అంత ఓపిక పట్టాక ఆయన మాట్లాడారు. ఇక్కడ సవర తెలిసినవాళ్లుంటే వాళ్లు చెప్పాలి.

సీతంపేట_కుర్రాడు:

మాష్టారూ, నమస్తే. నేను సవరనే. మాది సీతంపేట వైపు, మా అమ్మవాళ్లది గుమ్మా పైన ఒక ఊరు. ఇప్పుడు విశాఖలో చదువుకుంటున్నాను.

అక్కా, ఆ చెట్టు మంత్రం తీసేయండి. కథలో కొండ కనబడితే చాలు, మా చేత ఆకు నూరిస్తారు. ఆకులు తెలిసినవాళ్లు మాలో ఉన్నారు, మీలోనూ ఉన్నారు. మా పెద్దల పద్ధతిలో అసలైనది మాట. పోయినవాళ్లతో మాట.

మా అమ్మమ్మ కుడాన్, అంటే పోయినవాళ్లని తన నోట పలికించే మనిషి. సెలవులకి వెళ్లినప్పుడు చూశాను. కాళ్లు చాపుకుని కూర్చుని పాడేది. కాసేపటికి చేతులూ కాళ్లూ కొయ్యబారిపోయేవి, పక్కనున్న ఆడవాళ్లు వంచి సర్దేవాళ్లు. అంటే ఆమె ప్రాణం కిందికి దిగిపోయింది, ఆ నోరు ఖాళీ అయింది. ఇక ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లకి జీలుగు కల్లు పోసేవాళ్లు. ఒకసారి పోయిన పెదనాన్న వచ్చి తన గొడ్డలి ఎవరు పట్టుకుపోయారని అడిగాడు. మా పెద్దమ్మ ఏడుస్తూనే తిట్టింది, "ముందు నువ్వు తాగేసిన డబ్బుకి లెక్క చెప్పు" అని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, వాళ్లూ మధ్యలో దూరారు. తెల్లారేదాకా అదే మాట.

మాష్టారు అడిగారు కదా, పారకపోతే ఏమంటారని. మా దగ్గర జ్వరం తగ్గకపోతే పాటలో తప్పు వెతకరు. వచ్చినవాళ్లకి ఇంకా మాట తీరలేదంటారు. లేదా రావాల్సినవాళ్లు ఇంకెవరో ఉన్నారంటారు. మళ్లీ పిలుస్తారు. తప్పు ఎవరి ఒంట్లోనూ ఉండదు, ఇద్దరి మధ్యన ఉంటుంది. ఇంకా చెప్పాలంటే జబ్బు పగ వల్లే రావాలని లేదు. చనిపోయినవాళ్లు బెంగపడి దగ్గరికొస్తే, వాళ్లు ఏ బాధతో పోయారో అదే మనకి తగులుతుంది. దగ్గుతో పోయిన తల్లి బిడ్డని ముద్దు చేస్తే బిడ్డకి దగ్గు. గువార్ అనే తంతులో రాయి పాతి, దున్నని ఇచ్చి, పెద్దల్లో కలిపాక ఆ బాధ కొంచెం కొంచెంగా వదులుతుంది. వాళ్ల పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకి వస్తుంది. ఆఖరికి వాళ్లు సీతాకోకచిలుకలైపోతారు. మీ నిప్పూ నీళ్లూ కంటే ఇది పెద్ద మంత్రం కాదా అక్కా?

కొండవాళ్లంతా ఒకటే అని కూడా రాయకండి. ఒక్క ఊళ్లోనే బుయ్య వేరు, కుడాన్ వేరు. బుయ్య పని వంశంలో వస్తుంది, నేలకీ పంటకీ సంబంధించిన పూజలు ఆయనవి. కుడాన్‌ని ఎంచుకునేది కింది లోకం వాళ్లు. మా అమ్మమ్మకి కిందన ఒక మొగుడున్నాడు, పిల్లలున్నారు. ఆ మొగుడు సవర కాదు. పల్లపు దొర, గుర్రం మీద తిరిగే పెద్ద కులంవాడు. మా వాళ్లు పాతాళంలో మీ వాళ్లని పెట్టారు! ఇడితాల్ బొమ్మల్లో చూడండి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి రంగుతో గీసేవి. సూర్యుడు, చంద్రుడు, నిచ్చెన, ఏనుగు, వాటి పక్కనే గుర్రం మీద దొర, తుపాకీ, తర్వాత్తర్వాత సైకిలు, విమానం. పైనుంచి ఎవరు అధికారం చేశారో వాళ్లందరూ గోడెక్కారు. మీ తుడుమువాళ్ల పాతాళంలో నీలవరం రాజు కూర్చుని ఉండాలి. నీలవరం వాళ్లు ఈ తుడుమువాళ్లని ఏమనుకుంటారో కూడా రాయాలి. ఒక సంప్రదాయం పక్కవాణ్ణి ఏ గదిలో కూర్చోబెట్టిందో చూస్తే చాలు, దాని గుట్టంతా బయటపడుతుంది.

1936 గురించి కూడా చెప్పాలి. మీ పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చిన ఏడాదే మంగేయి గొమాంగో సవరకి సొంత లిపి తెచ్చారు, సొరంగ్ సొంపెంగ్. 24 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో దేవత. ఆ అక్షరాలకే పూజ. అప్పటిదాకా మా మాటని తెలుగులో, ఒడియాలో, రోమన్‌లో రాసేవాళ్లు. కాగితం వల్ల మా వాళ్లు పొలాలు పోగొట్టుకున్నారు, వేలిముద్రలు వేసి అప్పుల్లో పడ్డారు. రాతలో బలముందని తెలిశాక, అరువు తెచ్చుకోకుండా రాతనే దేవుణ్ణి చేసుకున్నారు. 2012లో యూనికోడ్‌లో కూడా చేరింది. రెండు మంత్రాలు పక్కపక్కన ఉంటే ఒకదాని పనిముట్టు రెండోది తీసుకుంటుంది, కానీ తన పద్ధతిలో తీసుకుంటుంది.

మా నాన్న బాప్టిస్టు, అమ్మ పెళ్లయ్యాక మారింది. చాలా ఊళ్లు అలాగే మారాయి. మూడేళ్ల కిందట అమ్మమ్మ పోయింది. ఆమె నోటితో వందల మంది మాట్లాడారు. ఆమెని పిలవడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు. మా అమ్మ చర్చిలో పాడుతూ పాడుతూ ఒక్కోసారి ఆగిపోతుంది. ఎందుకో నాకు తెలుసు. మీ నవలలో ఆ ముక్కకి చోటుంటే పెట్టండి, మా పేర్లు వద్దు. సోనుం (పోయినవాళ్ల ఆత్మ), కుడాన్ లాంటి మాటలూ వద్దు. మీ జనానికి మీ మాటలే కల్పించుకోండి.

రాయగడ_జంక్షన్:

సీతంపేట తమ్ముడు రాసింది చదివి చాలాసేపు ఊరుకున్నాను. అయినా నవల పాఠకుడిగా ఒకటి అడగాలి. మాష్టారి లెక్కల మంత్రానికి హద్దులు తెలుస్తున్నాయి, ఎప్పుడు చెడుతుందో ముందే భయపడగలను. మాటల మంత్రానికి హద్దేది? చనిపోయినవాడు ఏమైనా అడగొచ్చు అంటే పాఠకుడికి ఉత్కంఠ ఎక్కడిది?

రెండోది, చిల్లంగి గురించి. మా జిల్లాలోనూ కొండల్లో పల్లెల్లో చేతబడి చేశారని మనుషుల్ని కొట్టి చంపిన సంగతులు విన్నాం. ఒడిశాలో 2013లో దీనికోసమే ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. నీలవరం వాళ్లు తుడుమువాళ్లకి భయపడతారని రాస్తే, ఆ భయం నిజమేనని కథ ఒప్పుకోకూడదు. భయపడేవాడి కళ్లతో రాసినా, పాఠకుడికి ఆ ఇంటి లోపల ఏముందో ఒకసారైనా చూపించాలి. ఇందులో నేను రాజీపడను.

సీతంపేట_కుర్రాడు:

రెండోదానికి మీకు దండం. మొదటిదానికి జవాబు ఉంది. హద్దులున్నాయి, అంకెల్లో లేవు. ఎలా చచ్చిపోయాడో దాన్ని బట్టి ఎవరిలో కలుస్తాడో తేలుతుంది. ఉరిపోసుకున్నవాళ్లు ఒక చోటికి, చిరుత చంపినవాళ్లు ఇంకో చోటికి. అక్కణ్ణించి పెద్దల్లోకి తీసుకురావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా వాళ్లు అదే చావుకి ఇంకొకర్ని లాగొచ్చు. ఉత్కంఠ కావాలంటే అది చాలదా? ఇంకా ఒకటి, పోయినవాడు అబద్ధం చెప్పొచ్చు. వచ్చింది వాడేనా అని కూడా అడగాలి.

బరంపురం_పట్టు:

నేను రెండు ముక్కలే చెప్తాను, మగ్గం మీద పనుంది. మీరంతా రెండు సంప్రదాయాలంటున్నారు. మా బరంపురంలో ఏది ఎవరిదో విడదీయలేం. మా నేతవాళ్ల పూర్వీకులు తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్లు. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రకి అమ్మవారు దేశీబెహరా ఇంటికి, అంటే మా నేతవాళ్ల పెద్ద ఇంటికి, పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ అందరూ ఆమెకి పుట్టింటివాళ్లే. ఆ రోజుల్లో మొక్కున్నవాళ్లు వేషం కడతారు. మా అన్నయ్య చిన్నప్పుడు బతకడనుకుంటే మా అమ్మ పులివేషం మొక్కింది. పదహారేళ్లొచ్చాక వాడు ఒళ్లంతా రంగు పూసుకుని ఆడాడు. అక్కడ మంత్రమూ లేదు, పాతాళమూ లేదు. ఒళ్లే మొక్కు.

కాబట్టి మీ కథలో ఒక ఊరు ఉండాలి, రెండిటి మధ్యన. అక్కడి ఆడవాళ్లు బిడ్డకి జ్వరమొస్తే లెక్కలాయన దగ్గరికీ వెళ్తారు, పాటలావిడ దగ్గరికీ వెళ్తారు, ఒక మొక్కూ మొక్కుతారు. బిడ్డ లేచి కూర్చుంటే ముగ్గురికీ కొబ్బరికాయ. ఏది పనిచేసిందని అడిగే తీరిక తల్లికి ఉండదు.

మహేంద్రతనయ_ఒడ్డు:

మూడు రోజులు జవాబు రాయలేకపోయాను, క్షమించండి. రాస్తూ ఉన్నాను.

నిప్పూ చెట్టూ రెండూ కొట్టేశాను. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి పైన ఒకే మాట రాసుకున్నాను, "పారలేదు". నీలవరం ఇల్లొకటి, తుడుము ఇల్లొకటి, రెండింట్లోనూ ఒకే వయసు పిల్లకి ఒకే జ్వరం. నీలవరంలో తండ్రి జపంలో కూర్చున్నాడు. పక్కగదిలో పిల్ల "నాన్నా" అంటోంది. పలికితే లెక్క పోతుంది. పలకలేదు. పిల్ల బతికింది. పెద్దదయ్యాక కూడా ఆయన్ని ఇంకెప్పుడూ పేరుపెట్టి గానీ, వరస పెట్టి గానీ పిలవలేదు. ఇది నేను ముందు అనుకోలేదు, మాష్టారి తాతగారి "ఆఁ" చదివాక వచ్చింది. మాష్టారూ, మీ తాతగారు పలికారు. నా పాత్ర పలకలేదు. మీకు కష్టంగా ఉంటే చెప్పండి, మారుస్తాను.

తుడుము ఇంట్లో పిల్లకి జ్వరం తెచ్చింది దాని చెల్లెలు, పోయినేడు ఏట్లో పోయింది. అక్కతో ఆడుకోవాలని వస్తోంది. తల్లి ఆ చెల్లెల్ని పొమ్మనాలి, పొమ్మనలేకపోతోంది. పిలిచినప్పుడల్లా ఇంకాసేపు ఉండమంటోంది. పెద్ద కూతురు ఇటు కాలిపోతోంది. ఇంతవరకే రాయగలిగాను. రాయగడ అన్నగారూ, హద్దు ఎక్కడుందో నాకు ఇక్కడ కనిపించింది. తల్లి ఎంతసేపు మాట్లాడుతుందో అదే హద్దు.

బరంపురం అన్నయ్యా, మీ ఊరు పన్నెండో అధ్యాయంలో వస్తోంది. ఏరు దాటే రేవు దగ్గర పెట్టాను, పులివేషంతో సహా.

తమ్ముడూ, నీ మాటలేవీ వాడలేదు. అన్నీ కొత్తగా కల్పించాను. పాతాళంలో నీలవరం రాజుని కూర్చోబెట్టాను, వాడికి తుడుము భాష రాదు, కుడిచేత్తో సైగలు చేస్తాడు. ఒక్కటే అడగాలి. ఆ చెల్లెలు తల్లితో మాట్లాడేటప్పుడు తెలుగులో ఎలా రాయను? దేవతైపోయింది కాబట్టి తల్లి "మీరు" అంటుందా? రెండు రకాలుగానూ రాసి చూశాను, రెండూ నచ్చలేదు.

సీతంపేట_కుర్రాడు:

"మీరు" వద్దక్కా. మా పెద్దమ్మ పెదనాన్నతో బతికున్నప్పుడు ఎలా అరిచేదో, పోయాక కూడా అలాగే అరిచింది. ఆ పిల్లని తల్లి "ఏమే" అనే పిలుస్తుంది. ఏట్లో పోయింది అన్నారు కదా, అయితే పిల్లకి జ్వరం కాదు, ఊపిరాడకపోవడం వస్తుంది. అది మార్చండి. మాట్లాడేటప్పుడు ఆ చెల్లెలికి చలేస్తూ ఉంటుంది. తల్లి ముందు దాని మీద ఒక గుడ్డ కప్పమంటుంది.